వదిన గుండుసూదుల లెక్క

అది అక్కడ పెట్టు తల్లీ. ఆ బిస్కెట్ల డబ్బా సంగతి తర్వాత, ముందు చేతిలోది పెట్టు. అది బొమ్మ కాదు, గుండుసూదులు గుచ్చుకునే దిండు. మీ నానమ్మది, అదే మా వదినది. ఆ ఒక్క సూదీ అలాగే ఉండనీ, తియ్యకు. చెప్తాను, ఎందుకో చెప్తాను, నీ ఫోను ఆన్ చేసుకుని కూర్చో ముందు. ఇది నిజంగా మీ వాళ్ళ పత్రికలో వేస్తారా? అచ్చులోనే? ఏమో, మీ కంప్యూటర్ల వాళ్ళ మాట నమ్మలేం, అంతా గాల్లోనే ఉంటుందంటారు. సరే. నువ్వడిగింది కంప్యూటర్ల గురించి, నేను మొదలెట్టింది సూదుల గురించి, ఈ చిన్నతాతయ్యకి మతి పోయిందనుకుంటున్నావు కదూ. నవ్వకు. మా కంప్యూటర్ల సంఘం పరువు నిలబెట్టింది ఆ దిండే.

మా వదిన కుట్టుపని చేసేది, నీకు తెలుసుగా. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని పక్కన కత్తిరించే బల్ల, గోడకి బ్రౌన్ పేపరు నమూనాలు. కాలర్లు, చేతులు, జేబులు, అన్నీ మేకులకి వేలాడుతుండేవి. అదే గదిలో ఎదురుగోడకి మా టీవీ. ఆ టీవీ వల్లే వచ్చింది తంటా అంతా. అప్పట్లో కంప్యూటరంటే ఇంత మీటల పలక, దానికి టీవీ తగిలించాలి, ప్రోగ్రాం దాచుకోవడానికి పాటల క్యాసెట్టు పెట్టుకునే టేప్‌రికార్డరు తగిలించాలి. పదకొండుమందిమి కలిసి ఒక్కటి కొనుక్కున్నాం. అందరిళ్ళలోనూ ఆదివారం టీవీ ఇమ్మంటే గొడవే. మీ తాతయ్య, అదే మా అన్నయ్య, రేడియోల రిపేరు షాపు ఆయన, నెమ్మదస్తుడు, ‘మా ఇంట్లో పెట్టుకోండి’ అన్నాడు. వదినని అడిగాడా? అబ్బే. పదకొండుమంది చెప్పులు గుమ్మంలో కనపడ్డాక చెప్పాడు.

మా ప్రెసిడెంటు లెక్కల మేష్టారు. మంచివాడే, కానీ రూలంటే రూలే ఆయనకి. మంచినీళ్ళు తాగడానికి కూడా తీర్మానం రాసే రకం. ఆ బిస్కెట్ల డబ్బా ఆయన పెట్టిందే. పదకొండు చీటీలు అందులో వేసి కుదిపి ఒకటి తీసేవాడు, ఎవరి చీటీ వస్తే వాళ్ళకి ఇరవై నిమిషాలు మెషిను. మిగతా టైమంతా అందరం కలిసి పత్రికల్లో వచ్చిన ప్రోగ్రాములు కొట్టేవాళ్ళం. ఒకడు చదవాలి, ఒకడు కొట్టాలి, ఒకడు తెర మీద చూసుకోవాలి. చదివేది నేను. ఎందుకో తెలుసా? నాది కండక్టరు ఉద్యోగం. పొద్దున్నించీ బస్సులో ‘ముందుకు జరగండి, ముందుకు జరగండి’ అని అరిచిన గొంతు. వదిన నన్ను పేరు పెట్టి ఎన్నడూ పిలవలేదు, ‘ఏం రైట్ రైటూ, కాఫీ తాగుతావా’ అనేది. కొట్టేది మేష్టారు. ఆ టైములో ఆ కుర్చీలో ఇంకెవర్నీ కూచోనిచ్చేవాడు కాదు. నేను ‘నూట ఇరవై, ఇఫ్, బ్రాకెట్టు ఓపెన్’ అని చదవడం, ఆయన రెండు వేళ్ళతో టక్కు టక్కుమనిపించడం.

మొదటి నెల్లోనే ముహూర్తం కుదిరింది. మూడువందల లైన్ల ప్రోగ్రాం. రెండు గంటలు గొంతు చించుకున్నా. ఆఖరి పది లైన్లున్నాయి, మధ్యలో క్యాసెట్టులో దాచుకుందాం మేష్టారూ అంటే, ‘పూర్తయ్యాకే దాచాలి, అసంపూర్తి పని దాచకూడదు’ అన్నాడు మహానుభావుడు. అప్పుడే వదిన లోపల్నించి వచ్చి, ఎవరిదో స్కూలు చొక్కా కుట్టాలని మిషను మోటారు స్విచ్చి వేసింది. అంతే. టీవీలో గీతలు, మెషిను ఒక్కసారి కన్నుకొట్టి ఆరిపోయి మళ్ళీ వెలిగింది. తెర తెల్లగా, కడిగిన పళ్ళెంలా. మూడువందల లైన్లూ గోవిందా! మేష్టారి మొహం చూడాలి నువ్వు. పాత వైరింగు కదా, మోటారు లాగితే కంప్యూటరుకి కరెంటు చాలేది కాదు. మేష్టారు ఊరుకుంటాడా, తీర్మానం రాశాడు. ‘ఆదివారం రెండింటి నుంచి ఆరింటి వరకు గృహమందు కుట్టుమిషను నడపరాదు.’ చదివి వినిపించాడు కూడా. వదిన తలుపుకి ఆనుకుని మొత్తం వింది. ‘నా ఇల్లు, నా మిషను, తీర్మానం మీదా? సంతకం నేనెక్కడ పెట్టాలి మేష్టారూ?’ అంది. ఒక్కడు కూడా తల ఎత్తలేదు. మీ తాతయ్యైతే బల్ల కింద ఏదో పడిపోయినట్టు వంగి వెతికాడు.

అయినా ఆపింది మిషను. ఆపి లోపలికి పోయిందా? పోలా. అక్కడే కిటికీ దగ్గర కూచుని చేతిపని పెట్టుకుంది. కాజాలు కుట్టడం, బొత్తాలు, హుక్కులు, అంచులు మడవడం. నాలుగు గంటలు, ప్రతీ ఆదివారం. మేము ఆవిడ ఉందన్న సంగతే మర్చిపోయాం. నేను చదువుతూనే ఉన్నా, ఆవిడ వింటూనే ఉంది. ఏడాది పైచిలుకు తల్లీ! అది మాకు తట్టలేదు చూశావా. మేమందరం ఒకరి మీద ఒకరు పడి తెర చూస్తున్నాం, వినేదల్లా ఆవిడొక్కతే.

ఒక ఆదివారం ఏమైందంటే, లెక్కలు కట్టే ప్రోగ్రాం ఒకటి, కొట్టడం అయింది, నడపబోతే తప్పు తప్పు అంటోంది. మళ్ళీ మొదట్నించీ చదవమన్నారు. నా గొంతు పోయి ఉంది. అప్పుడు కిటికీ దగ్గర్నించి, ‘నూట డెబ్భై లైనులో చూడండి, ఒక బ్రాకెట్టు మూయలేదు’ అని. ఎవరూ? అని చూస్తే వదిన. చేతిలో ఆ దిండు. దాని మీద ఒక్క సూది. ‘రైట్ రైటు ఓపెన్ అన్నప్పుడల్లా ఒక సూది గుచ్చుతున్నా, క్లోజ్ అన్నప్పుడల్లా తీసేస్తున్నా. లైను అయిపోయేసరికి దిండు ఖాళీగా ఉండాలి కదా. ఒకటి మిగిలింది’ అంది, అక్కడికదేదో పాలు పొంగాయని చెప్పినట్టు. చూశాం. నూట డెబ్భై. ఒక బ్రాకెట్టు లేదు. నేనే చదవడం మింగేశా. మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, ‘కాకతాళీయం’ అన్నాడు. ఆ కాకతాళీయం వరసగా ఆరు ఆదివారాలు జరిగింది. ఆ తర్వాత ఆయన లైను అవగానే ఓరకంట కిటికీ వైపు చూడ్డం మొదలెట్టాడు.

ఇక్కడే నా సంగతొకటుంది. చెప్పకుండా దాటేద్దామనుకున్నా గానీ, నువ్వు రికార్డు చేస్తున్నావు కదా, కానీ. మా సంఘానికో పత్రిక ఉండేది. నాలుగు కాగితాలు. స్టెన్సిల్ మీద రాసి, సిరా పూసి, యాభై కాపీలు తిప్పేవాళ్ళం, వేరే ఊళ్ళ సంఘాలకీ పోస్టులో పంపేవాళ్ళం. ఆఖరి పేజీలో చిట్కాలు. ఆ నెల సూదుల చిట్కా వేశాం. కింద ‘మా కండక్టరు గారి చిట్కా’ అని పడింది. మేష్టారే రాశాడు. సంఘం పత్రికలో సభ్యుల చిట్కాలే వెయ్యాలట, రూలు. నేను చూశా. చూసి ఊరుకున్నా. ఊరుకోవడమే కాదు, ఎక్కడెక్కడి సంఘాల నుంచో ఉత్తరాలొచ్చాయమ్మా, ‘కండక్టరు గారూ, మీ బుర్రే బుర్ర’ అని! వాటిని జేబులో పెట్టుకుని డిపోలో అందరికీ చూపించుకున్నా, సిగ్గులేకుండా. వదిన ఒకటి చదివింది. కోప్పడిందనుకున్నావా? పగలబడి నవ్వింది. నవ్వి, దిండు తీసి, మూలన ఒక సూది మొదలంటా గుచ్చింది. ‘ఆ చిట్కా నీది కాదని నువ్వే రాసిన రోజున ఈ సూది తీస్తా. అప్పటిదాకా ఉంటుంది’ అంది. వచ్చే సంచికలో రాసేస్తా వదినా అన్నా. వచ్చే సంచిక వచ్చింది, ఆ పై సంచికా వచ్చింది.

ఏం చెప్తున్నా? ఆఁ, చీటీ. ఆవిడ ఒకరోజు మేష్టార్ని సూటిగా అడిగింది. ‘ఆ డబ్బాలో నాదీ ఒక చీటీ వెయ్యండి. ఇరవై నిమిషాలు చాలు.’ చొక్కా కొలతలిస్తే ఏ ముక్క ఎంత కత్తిరించాలో చెప్పే ప్రోగ్రాం ఆవిడే రాసింది తెలుసా, బ్రౌన్ పేపరు నమూనాల వెనక, సుద్దముక్కతో కొంత, పెన్సిలుతో కొంత. మెషిను ముట్టుకోకుండా. అది నడుస్తుందో లేదో చూసుకోవాలని ఆవిడ తపన. అంతకు మించి ఇంకేమీ అడగలేదు. మేష్టారు రూళ్ళ పుస్తకం తెరిచాడు. ‘చీటీ సభ్యులకే. సభ్యత్వం కావాలంటే సొంత ప్రోగ్రాం మెషిను మీద నడిపి చూపించాలి.’ ‘నడిపి చూపించాలంటే మెషిను కావాలి కదండీ?’ ‘మెషిను కావాలంటే సభ్యులై ఉండాలి.’ ‘మరి సభ్యురాల్ని ఎలా అవుతాను?’ ‘రూలు అదేనమ్మా.’ చూడు, అంతమంది చదువుకున్నవాళ్ళం అక్కడున్నాం, అందులో తిరకాసు ఒక్కడికీ కనపడలేదు. కనపడినా, మా టైము తగ్గిపోతుందని నోరు కుట్టేసుకున్నాం. వదిన వెళ్ళి కాజా కుట్టుకుంది. ఆ రోజు సూది వేలికి గుచ్చుకుంది ఆవిడకి. అంతకుముందెప్పుడూ నేను చూళ్ళేదు.

తర్వాత ఆ ఏడు పెద్ద ప్రదర్శన పెట్టుకున్నాం. మేష్టారి స్కూలు హాల్లో, ఆదివారం పొద్దున పదింటికి. పక్క ఊరి సంఘం వాళ్ళని పిలిచాం. మేష్టారు మూడు నెలలు కూచుని ఓ ప్రోగ్రాం రాశాడు. ఏ క్లాసుకి ఏ గంటలో ఏ టీచరు వెళ్ళాలో, మొత్తం స్కూలు టైంటేబులు వేసేస్తుంది. హెడ్మిస్ట్రెస్ గారికి ముందే చెప్పేసుకున్నాడు కూడా. సెక్షన్లన్నీ కలిపి పద్నాలుగు క్లాసులు. ఇంట్లో మూడు క్లాసులకి వేసి చూస్తే ఝామ్మని వచ్చింది. అన్నిటికీ వెయ్యమంటే మాత్రం తొమ్మిదో క్లాసు దగ్గర ఆగిపోయి, మెమరీ చాలదు అంటోంది. ఇహ చూడు మా చిట్కాలు! రిమార్కులన్నీ, అంటే మనకోసం మనం రాసుకునే వివరణలన్నీ, పీకేశాం. పేర్లు ఒక్కో అక్షరానికి కుదించాం. నాలుగేసి లైన్లు ఒక్క లైనులో ఇరికించాం. అంత చేస్తే తొమ్మిదో క్లాసులో ఆగేది పదో క్లాసులో ఆగింది. ప్రదర్శన నాడు ఎలాగో గట్టెక్కుతుందిలే అని మొండిధైర్యం.

వదిన ఆ వారం నన్ను పిలిచింది. మేష్టారి ప్రోగ్రాం నేను ఎత్తిరాసుకున్న కాగితాలు ఆవిడ బల్ల మీదే వదిలేసేవాణ్ణి కదా, చదివింది. ‘రైట్ రైటూ, మీ మేష్టారికి చెప్పు. మెమరీ చాలక కాదు. నా దగ్గరున్న సూదులన్నీ అయిపోయాయి, ఆయన ఒక్కటీ తియ్యట్లేదు.’ నాకు అర్థం కాలేదు. అర్థం కాకపోయినా చెప్పొచ్చు కదా? చెప్పలా. ఆయనకి నేను చెప్పడమేంటని. అదీ నేను.

ఆ ఆదివారం హాలు కిటకిట. స్కూలు ఆడపిల్లలు నేల మీద, పెద్దవాళ్ళు బెంచీల మీద. స్టేజీ బల్ల మీద కొత్త గుడ్డ, వదిన కుట్టిచ్చిందే. అది పరచడానికి వచ్చి వెనక బెంచీలో కూచుంది. మేష్టారు ఉపన్యాసం దంచి ప్రోగ్రాం నడిపాడు. ఒకటో క్లాసు, రెండో క్లాసు… పిల్లలు చప్పట్లు. పదో క్లాసు. ఆగింది. మళ్ళీ నడిపాడు. పదో క్లాసు, ఆగింది. పక్క ఊరి సంఘం ఆయన, ఇంత మీసం, ‘మా మెషినుకి మెమరీ ఎక్కువండీ, పోనీ మాది తెమ్మంటారా’ అన్నాడు, అందరూ నవ్వారు. మేష్టారి చొక్కా వీపంతా తడిసిపోయింది. హెడ్మిస్ట్రెస్ గారు వాచీ చూసుకుంటోంది.

అప్పుడు వెనక నుంచి వదిన లేచింది. ‘మేష్టారూ, తప్పెక్కడుందో నేను చూపిస్తా. చూపిస్తే డబ్బాలో నా చీటీ వేస్తారా?’ అంది. హాలు హాలంతా వెనక్కి తిరిగింది. మేష్టారు నసిగాడు, ‘అది… రూలు ప్రకారం…’ హెడ్మిస్ట్రెస్ గారు, ‘ఏ చీటీయో నాకు తెలీదు గానీ, వేస్తానని చెప్పండి మేష్టారూ, టైమవుతోంది’ అంది. ‘వేస్తాను’ అన్నాడు. వదిన సంచీలోంచి దిండు తీసింది. నన్ను చూసి, ‘చదువు రైట్ రైటూ, బస్సులో అరిచినట్టు చదువు’ అంది.

ఇది మీకు తెలిసిన సంగతే గానీ, మీ పత్రిక చదివే అందరికీ తెలియాలి కదా, చెప్తా విను. ఆ ప్రోగ్రాముల్లో గోసబ్ అని ఒక మాట. అంటే, ఫలానా లైనుకి వెళ్ళి పని చూసుకుని రా అని పంపడం. రిటర్న్ అంటే, పనైంది, వచ్చేశా అని. మధ్యలో మెషిను, వెళ్ళినవాడు ఎక్కణ్ణించి వెళ్ళాడో గుర్తు రాసిపెట్టుకుని వాడికోసం కూచుంటుంది. నేను గోసబ్ అని చదవగానే వదిన పిల్లలతో, ‘వెళ్ళాడు’ అని దిండు మీద ఒక సూది గుచ్చింది. రిటర్న్ అనగానే, ‘వచ్చాడు’ అని తీసేసింది. రెండుసార్లయ్యేసరికి పిల్లలందుకున్నారు. వెళ్ళాడూ! వచ్చాడూ! వెళ్ళాడూ! వచ్చాడూ! హాలు అదిరిపోతోంది. నేనూ రెచ్చిపోయి చదువుతున్నా. అలా ఏడువందల నలభై దగ్గరికొచ్చాం. ఒకే టీచరు రెండు క్లాసుల్లో తగిలితే అక్కడికి వస్తుంది. అక్కడ మేష్టారు రిటర్న్ రాయలేదు. గోటూ రెండువందలు అని రాశాడు. గోటూ అంటే పో అనడమే, తిరిగి రమ్మన్న మాటే లేదు అందులో. వదిన చెయ్యి ఆపింది. ‘వచ్చాడా పిల్లలూ?’ ‘రాలేదూ!’ ‘ఎక్కడికి పోయాడు?’ ‘రెండువందలకీ!’ ‘మరి ఈ సూది?’ అని అలాగే ఉంచేసింది. రెండువందల నుంచి మళ్ళీ చదివించింది. మళ్ళీ టీచరు తగిలింది, మళ్ళీ ఒక సూది మిగిలింది. ‘మూడు క్లాసులైతే నాలుగు సూదులే మిగులుతాయి, మెషిను ఓర్చుకుంటుంది. పద్నాలుగు క్లాసులైతే? వెళ్ళినవాడు ప్రతిసారీ పక్కదారిన పోతే, అది ఎంతమంది కోసమని కూచుంటుంది పాపం, దానికి చోటెక్కడిది?’ అంది. ఏడో సూదికే మేష్టారు ‘ఆపండి’ అన్నాడు. అయిపోయింది, చెయ్యి చేసుకుంటాడేమో అనుకున్నా. లేదు. ఆ మనిషి తన కుర్చీలోంచి లేచి, ఆ కుర్చీని వదిన వైపు తిప్పాడు. ‘మీరే దిద్దండమ్మా’ అన్నాడు. అందుకే చెప్తున్నా, మంచివాడే.

వదిన కూచుంది. జీవితంలో ఆ మీటలు ముట్టుకోలేదు కదా, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడితే ఆ మీసాలాయన మళ్ళీ నవ్వుతాడు, ఎలారా దేవుడా అనుకున్నా. అమ్మడూ, ఏం చెప్పను! పది వేళ్ళూ పెట్టింది. పది! కింద చూడలేదు, తెర చూస్తూ గడగడా కొట్టేసింది. తిరిగొచ్చేముందు ఒక గుర్తు పెట్టి రిటర్న్, బయల్దేరిన చోటికి వచ్చాక ఆ గుర్తు చూసి అప్పుడు రెండువందలకి పో. రెండంటే రెండు లైన్లు. తర్వాత తెలిసింది, కత్తిరించే బల్ల మీద గుడ్డ కింద బ్రౌన్ పేపరు మీద మీటలన్నీ గీసి అంటించుకుని ఉంది. ఏడాదిగా దాని మీద కొడుతోందట. మీ తాతయ్యకి కూడా తెలీదు! మీ తాతయ్యకి ఏం తెలుసులే.

నడిపింది. తొమ్మిది. పది. పదకొండు! పిల్లలు లేచి నిలబడ్డారు. పన్నెండు, పదమూడు… పద్నాలుగో క్లాసు తెర మీద పడేసరికి ఆ హాలు కప్పు ఎగిరిపోలేదంటే గొప్పే. మీసాలాయన కూడా బెంచీ ఎక్కి చప్పట్లు కొట్టాడు. నేను ‘రైట్ రైట్!’ అని అరిచా, ఇంకేం అరవాలో తెలీక. మేష్టారు అక్కడికక్కడే రూళ్ళ పుస్తకంలోంచి కాగితం చింపి, ఆయన చేత్తోనే చీటీ రాసి, మడిచి, ఈ డబ్బాలో వేశాడు. రూళ్ళ పుస్తకం చింపాడమ్మా ఆయన! ఆ వచ్చే ఆదివారం వదిన చొక్కా ప్రోగ్రాం నడిపింది. మొదటిసారికే నడిచింది. దాంతో మొట్టమొదట కత్తిరించింది ఎవరి చొక్కా అనుకున్నావు? మేష్టారిదే. భుజాలు ఎంత చక్కగా కుదిరాయో. తర్వాత ఏడేళ్ళు ఆవిడే కొట్టింది, మేష్టారు పక్కన కూచుని తెర చూసేవాడు.

తర్వాతేముంది. ఎవరి మెషిను వాళ్ళకొచ్చింది, సంఘం పోయింది, పత్రిక ఆగింది. నేను రాస్తా రాస్తా అంటూనే ఉన్నా. ఏటా ఒకసారి ఆ దిండు చూపించి, ‘ఏం రైట్ రైటూ, వచ్చావా?’ అనేది. ఇదిగో వస్తున్నా వదినా అనేవాణ్ణి. ఆఖరిసారి ఆస్పత్రిలో కూడా అడిగింది, నవ్వుతూనే. నేను… అప్పుడు వేసే పత్రికేదమ్మా, ఎక్కడ రాయను?

నీ ఫోను నడుస్తోందా? అయితే రాసుకో. నేను చెప్పినట్టే రాయి, నీ సొంత సొగసులు పెట్టకు. సూదుల చిట్కా కండక్టరుది కాదు. కుట్టుపని చేసే మా వదినది. మొదటి రోజునించీ ఆవిడదే. రాశావా? చదువు. గట్టిగా చదువు, నాకు వినపడాలి.

ఆఁ. ఇప్పుడు తియ్యి. తుప్పు పట్టి ఉంటుంది, దిండు చిరక్కుండా నెమ్మదిగా. కొంచెం తిప్పి లాగు.

వచ్చిందా?